భర్త పేరు చదివిన యంత్రం

పోయిన సంవత్సరం ఒకే వారంలో రెండు మాటలు విన్నాను. మొదటిది మాదాపూర్‌లో ఒక సమావేశ మందిరంలో. కృత్రిమ మేధ గురించి సాహిత్యం వాళ్ళ చేత కూడా మాట్లాడించాలని ఎవరికో తోచి, తెలుగు పాఠాలు చెప్పుకునే నన్నూ పిలిచారు. వేదిక మీద ఒక యువ ఇంజనీరు చాలా నిజాయితీగా, కొంత భయంతోనే మాట్లాడాడు. ఈ యంత్రాలు ఇలాగే పెరుగుతూ పోతే ఏదో ఒకనాడు మన అదుపు తప్పుతాయి, అప్పుడు ఆపుదామన్నా ఆపలేం అన్నది అతని మాటల సారాంశం.

రెండో మాట మా కాలేజీ స్టాఫ్ రూములో విన్నాను. గదులు ఊడ్చే ఆవిడ చీపురు గోడకు ఆనించి, కొంగున కట్టుకున్న కాగితాలు తీసి నా ముందు పెట్టింది. "రేషన్ కార్డు గురించి జర అర్జీ రాసియ్యుండ్రి మేడం. నాలుగుసార్లు తిరిగిన. కంప్యూటర్ ఒప్పుకుంటలేదంటున్నరు" అంది.

"ఎందుకు ఒప్పుకోవట్లేదంట అక్కా?"

"అది చెప్పదంట."

ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చదవడమే ఈ వ్యాసంలో నేను చేయదలచుకున్న పని. నాకు యంత్రాల లోపలి సంగతులు చెప్పే అర్హత లేదు. కానీ వాక్యాన్ని చదవడం తెలుసు. కర్త ఎవరు, కర్మ ఎవరు, ఏ కాలంలో ఉంది, ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరి గొంతు వినిపించడం లేదు... స్త్రీవాద విమర్శ మనకు నేర్పింది ఈ ప్రశ్నలే కదా!

ఇంజనీరు వాక్యం భవిష్యత్ కాలంలో ఉంది. అందులో "మనం" అనే మాట ఉంది. ఇప్పుడు అదుపు మన చేతిలో ఉంది, రేపు జారిపోతుంది అని ఆ వాక్యం నమ్ముతోంది. ఊడ్చే ఆవిడ వాక్యం వర్తమానంలో ఉంది. అందులో "మనం" లేదు. కంప్యూటర్ ఉంది, "అంటున్నరు" అనే మాటలో ముఖం లేని మనుషులు ఉన్నారు, తిరిగిన తన కాళ్ళు ఉన్నాయి. రేపు జరుగుతుందని ఆ యువకుడు భయపడుతున్న సంగతి ఈమెకు ఇప్పటికే జరిగిపోయింది. ఎందుకని అడిగితే చెప్పని, ఆగమంటే ఆగని యంత్రం ఆమె ఇంటి బియ్యం డబ్బాలోకి వచ్చి కూర్చుంది.

1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు మాదాపూర్ చుట్టూ ఇంకా రాతిగుట్టలు ఉండేవి. ఆ తర్వాతి కథ మనందరికీ తెలిసిందే. 2020ని తెలంగాణ ప్రభుత్వం కృత్రిమ మేధ సంవత్సరంగా ప్రకటించింది. 2024 సెప్టెంబరు 5, 6 తేదీల్లో హైటెక్స్ పక్కనున్న అంతర్జాతీయ సమావేశ కేంద్రంలో కృత్రిమ మేధ మీద ప్రపంచ సదస్సు జరిపింది. ఆ మేధ అందరికీ పనికొచ్చేలా చేయడం సదస్సు నినాదం. ఇందుకోసమే నగరానికి దక్షిణాన 200 ఎకరాల్లో ఒక ప్రత్యేక నగరం కడతామని కూడా చెప్పారు. మంచిదే. కానీ ఆ "అందరూ" అనే మాట దగ్గర నేను ఆగిపోయాను. అందరిలో ఎవరెవరు ఉంటారు? యంత్రం తయారుచేసే వాళ్ళూ, కొనే వాళ్ళూ, దాని తీర్పును మొయ్యాల్సిన వాళ్ళూ ముగ్గురూ ఒకే "అందరూ" ఎలా అవుతారు?

దీనికి జవాబు వెతకడానికి అమెరికా దాకా పోనక్కరలేదు. మన దగ్గరే సమగ్ర వేదిక అనే పాఠ్యం ఉంది. పాఠ్యం అని కావాలనే అంటున్నాను. తెలంగాణ ప్రభుత్వం వేర్వేరు శాఖల దగ్గరున్న వివరాలను, అంటే వాహనాల రిజిస్ట్రేషన్లు, ఆస్తులు, కరెంటు కనెక్షన్ల వంటివాటిని, ఒకచోట కలిపి, ఏ పేరు ఏ మనిషిదో యంత్రం చేత గుర్తింపజేసి, సంక్షేమ పథకాలకు ఎవరు అర్హులో ఎవరు కాదో తేల్చడానికి వాడిన వ్యవస్థ ఇది. 2024 జనవరిలో అల్ జజీరా దీని మీద ఒక పరిశోధనాత్మక కథనం ప్రచురించింది. 2014 నుంచి 2019 దాకా తెలంగాణలో 18.6 లక్షలకు పైగా ఆహార భద్రతా కార్డులు రద్దయ్యాయని, లక్షా నలభై రెండు వేలకు పైగా కొత్త దరఖాస్తులు తిరస్కరణకు గురయ్యాయని, ముందుగా నోటీసు కూడా ఇవ్వలేదని అందులో ఉంది. రద్దయిన కార్డులను ఇంటింటికీ వెళ్ళి తిరిగి పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. పరిశీలన మొదలయ్యాక, అప్పటిదాకా చూసినవాటిలో కనీసం 7.5 శాతం అన్యాయంగా తీసేసినవేనని తేలింది.

ఏడున్నర శాతం అంటే వేదికల మీద చిన్న అంకె. వంద ఇళ్ళలో ఏడెనిమిది ఇళ్ళ పొయ్యి అని చదివితే అంత చిన్నగా ఉండదు.

ఆ కథనంలో హైదరాబాద్‌కు చెందిన ఒక వృద్ధ వితంతువు ఉంది. ఆమె పేరు ఇక్కడ రాయను. పేరు వల్లే ఆమెకు అంత కష్టం వచ్చింది కూడా! ఆమె భర్త రిక్షా తొక్కేవాడు, క్యాన్సర్‌తో చనిపోయాడు. ఆయనకు కారుందని యంత్రం నిర్ధారించింది. ఎందుకంటే ఇంచుమించు అదే పేరున్న మరో మనిషికి కారుంది. దాంతో ఆ కుటుంబం కార్డు పోయింది. హైకోర్టు దాకా వెళ్ళాక గాని ఆమె బియ్యానికి అర్హురాలేనన్న సంగతి తేలలేదు.

ఈ సంఘటనను "సాంకేతిక లోపం" అని రాసిన వాళ్ళున్నారు. నేను అలా చదవలేకపోతున్నాను. యంత్రం ఇక్కడ ఎవరి పేరు చదివింది? ఆమె పేరు కాదు. ఆమె భర్త పేరు. ఆయన బతికి ఉన్నప్పుడు దరఖాస్తులో "భర్త పేరు" అన్న గడి ఆమెను గుర్తించింది. ఆయన చనిపోయాక కూడా ఆ గడే ఆమెను శిక్షించింది. ఇది పితృస్వామ్యంలో లోపం ఏమీ కాదు, పితృస్వామ్యం సక్రమంగా పనిచేయడమే. స్త్రీని తండ్రి ద్వారా, భర్త ద్వారా, కొడుకు ద్వారా మాత్రమే గుర్తించే కాగితాలను మనం తరతరాలుగా నింపుతూ వచ్చాం. యంత్రానికి తనకంటూ మగబుద్ధి ఏమీ లేదు. మనం ఇచ్చిన కాగితాలను అది మన కంటే శ్రద్ధగా చదివింది, అంతే.

పేర్ల సంగతి ఇంకాస్త చూద్దాం. తెలుగు స్త్రీకి పేరు ఎన్నిసార్లు మారుతుందో మన సాహిత్యకారులకు వేరే చెప్పాలా? మా అమ్మ బడి సర్టిఫికెట్‌లో పుట్టింటి పేరుంది. బ్యాంకు పుస్తకంలో అత్తింటి పేరు. ఆధార్ కార్డులో ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా మిగిలింది. ఆమె పేరు చివర లక్ష్మి. ఆ లక్ష్మిని ఇంగ్లీషులో ఒకచోట కె, ఎస్, హెచ్ లతో రాశారు, ఇంకోచోట ఒక్క ఎక్స్ అక్షరంతో సరిపెట్టారు. మా నాన్న పోయాక కుటుంబ పింఛను కోసం ఒక ఆఫీసులో ఈ ముగ్గురూ ఒక్కరేనని నిరూపించుకోవడానికి ఆమెకు ఏడు నెలలు పట్టింది. "నేనే నేను అని ఎట్లా చెప్పాలే వీళ్ళకు?" అని ఒకరోజు మెట్ల మీద కూలబడింది. అదే నాన్న కాగితాల్లో బడి నుంచి పదవీ విరమణ దాకా పేరు ఒక్క అక్షరం మారలేదు. పాతబస్తీలో పేరు చివర బీ, బేగం అని ఉన్న స్త్రీలకైతే ఇంటిపేరు అనే గడిలో రాయడానికే ఏమీ ఉండదు. పేర్లను పోల్చి మనుషులను గుర్తించే ఏ వ్యవస్థయినా పేరు నిలకడగా ఉన్నవాడినే అసలు మనిషిగా అనుకుంటుంది. పెళ్ళి, వైధవ్యం, వలస ద్వారా పేరు చెదిరిపోయిన వాళ్ళు దానికి అనుమానితులుగా కనిపిస్తారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. మా శాఖలోనే ఒక మిత్రురాలు అడిగింది. "యంత్రం రాకముందు ఏమన్నా బాగుందా? గుమస్తాలు లంచాలు తినలేదా? ఒంటరి ఆడవాళ్ళను రేపు రా, మాపు రా అని తిప్పుకోలేదా? దొంగకార్డులు లేవా?" అని. ఆమె అన్నది నిజమే. గుమస్తా రాజ్యం మీద నాకు ఏ మోజూ లేదు. ఆ బల్లల ముందు స్త్రీలు పడిన అవమానాల గురించి మన కథల్లో కావలసినంత సాక్ష్యం ఉంది. యంత్రం వల్ల దళారుల పీడ తగ్గిన చోట్లు కూడా ఉన్నాయి, కాదనను.

కానీ ఒక తేడా ఉంది. గుమస్తాకు ముఖం ఉంది. ఆ ముఖం ముందు నిలబడి నలుగురాడవాళ్ళు పోట్లాడగలిగారు, శాపనార్థాలు పెట్టగలిగారు, ఎమ్మార్వో ఆఫీసు ముందు ధర్నాకు కూర్చోగలిగారు. స్త్రీల ఉద్యమాల చరిత్రంతా ఎవరో ఒకరి ఎదుట నిలబడి "ఎందుకు?" అని అడగడంతోనే మొదలైంది. "కంప్యూటర్ ఒప్పుకోవడం లేదు" అన్న వాక్యం ఆ ఎదుటి మనిషిని మాయం చేస్తుంది. నిర్ణయం తీసుకున్నవాళ్ళు ఉన్నారు. ఆ నిర్ణయాన్ని సాఫ్ట్‌వేర్‌గా రాసినవాళ్ళు ఉన్నారు. దాన్ని పరిశీలించకుండా సంతకం పెట్టినవాళ్ళు ఉన్నారు. కానీ వాక్యంలో వాళ్ళెవరూ లేరు. రుజువు చేసుకునే భారం మాత్రం తిరగేసి బియ్యం అడగడానికి వచ్చిన స్త్రీ మీద పెట్టారు.

మరో పాఠ్యం చూద్దాం. ఇది మన పేరు మీదే రాసింది. నిర్భయ నిధి కింద సురక్షిత నగరాల పథకానికి ఎంపికైన ఎనిమిది నగరాల్లో హైదరాబాద్ ఒకటి. మన నగరంలో కెమెరాలు పెరిగిన ప్రతిసారీ స్త్రీల రక్షణ అన్న మాట వినిపించింది. 2021 మే నెలలో, లాక్‌డౌన్ రోజుల్లో, పాతబస్తీలో ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తను పోలీసులు ఆపి, మాస్కు తీయమని, ఫోటో తీసుకున్నారు. ముఖాలను గుర్తించే సాంకేతికతను ఏ చట్టం ప్రకారం వాడుతున్నారని ఆయన తెలంగాణ హైకోర్టుకు వెళ్ళారు. రేషన్ కార్డుల రద్దు మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళిందీ ఆయనే. ఇది యాదృచ్ఛికం కాదు. బియ్యం దగ్గరైనా బజారులోనైనా అడిగిన ప్రశ్న ఒకటే. నన్ను చదివే యంత్రాన్ని తిరిగి చదివే హక్కు నాకు లేదా?

ముఖాన్ని చదవడంలో ఈ యంత్రాలు ఎంత నమ్మదగినవో 2018లో జాయ్ బులమ్‌విని, టిమ్నిట్ గెబ్రు అనే ఇద్దరు నల్లజాతి మహిళా పరిశోధకులు పరీక్షించి చూపించారు. ముఖం చూసి ఆడో మగో చెప్పే మూడు వ్యాపార వ్యవస్థలను తీసుకున్నారు. తెల్లని పురుషుల విషయంలో పొరపాటు 0.8 శాతం మించలేదు. నల్లని స్త్రీల విషయంలో 34.7 శాతం దాకా వెళ్ళింది. ఆ లోపాలను తర్వాత కంపెనీలు కొంత సరిదిద్దుకున్నాయి. కానీ నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది మరొకటి. ఆ లోపం ఉందని చెప్పడానికి ఆ లోపం ఎవరి ముఖం మీద పడిందో ఆ స్త్రీలే రావలసి వచ్చింది. అంతదాకా ఎవరికీ లెక్కపెట్టాలనే అనిపించలేదు. నా రక్షణ కోసమని పెట్టిన కెమెరా నా పక్కింటి ముస్లిం కుర్రాణ్ణి ఆపి ఫోటో తీసేదైతే, ఆ రక్షణ నాకు వద్దని చెప్పే బాధ్యత కూడా స్త్రీవాదులుగా మనదే.

ఇంకో సంగతి. యంత్రం తనంతట తాను నేర్చుకుంటుందని అనడం మనకు అలవాటైపోయింది. వంట తనంతట తాను అయిపోతుందని అనుకునే మగవాళ్ళను చూసిన మనం ఆ మాటను అంత తేలిగ్గా నమ్మకూడదు. ఫేస్‌బుక్‌లో పెట్టే హింసనూ, అశ్లీలాన్నీ జల్లెడ పట్టే కాంట్రాక్టు ఉద్యోగులు హైదరాబాద్‌లో ఉన్నారని, తక్కువ జీతం, ఎక్కువ ఒత్తిడి అని వాళ్ళు వాపోతున్నారని 2019లో రాయిటర్స్ రాసింది. ఆత్మహత్యల దృశ్యాలు చూసి పని చోటే ఏడ్చేసిన స్త్రీల గురించి ఒక మాజీ ఉద్యోగి అందులో చెప్పాడు. తెర మీద మనకు శుభ్రంగా కనిపించేది ఎవరో ఊడ్చిన నేల. ఇంటి శ్రమను కనపడనివ్వని సమాజం యంత్రం వెనకాల శ్రమను మాత్రం ఎందుకు కనపడనిస్తుంది? శ్రమను దాచినట్టే నిర్ణయాన్నీ దాచడం, రెండింటి మీదా "కంప్యూటర్" అనే ముసుగు కప్పడం ఒకే పద్ధతి.

ఇంతా చదివి, భవిష్యత్తు ప్రమాదాల గురించి మాట్లాడే వాళ్ళందరూ పనిలేని వాళ్ళని నేను తేల్చేస్తున్నానని అనుకోవద్దు. ఈ విషయంలో మన మిత్రుల్లో కొందరితో నాకు పేచీ ఉంది. ఇప్పటి అన్యాయం గురించి మాట్లాడాలంటే రేపటి ప్రమాదాన్ని కట్టుకథ అని కొట్టిపారేయాలని వాళ్ళు అనుకుంటున్నారు. జెఫ్రీ హింటన్ 2023లో గూగుల్‌ను వదిలి, తన జీవితమంతా ధారపోసిన విద్య గురించే భయపడుతున్నానని లోకానికి చెప్పాడు. మరుసటి సంవత్సరం ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. 2023 మే నెలలోనే ఆయనతో సహా అనేకమంది శాస్త్రవేత్తలు, పెద్ద కంపెనీల అధిపతులు కూడా, కృత్రిమ మేధ వల్ల మానవజాతి అంతరించే ప్రమాదాన్ని మహమ్మారులతో, అణుయుద్ధంతో సమానంగా చూడాలని ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు. తాము తయారుచేస్తున్న దానికి తామే భయపడుతూ, తయారీ మాత్రం ఆపని వాళ్ళు ఆ సంతకాల్లో ఉన్నారన్నది ఒక విచిత్రం. అయినా భయం అబద్ధం కాదు. మనకంటే వేగంగా ఆలోచించే, మనకు అర్థంకాని దారిలో నిర్ణయాలు తీసుకునే వ్యవస్థల చేతికి కరెంటు, వైద్యం, ఆయుధాలు అప్పగించాక అవి తప్పుదారి పడితే ఆపేదెవరు అన్నది న్యాయమైన ప్రశ్న.

నేననేది, ఆ ప్రశ్నకు సాధన చేయడానికి మనకు చోటుంది, ఆ చోటు రేషన్ షాపు అని. పేర్లను పోల్చే ఒక మామూలు సాఫ్ట్‌వేర్‌ను ఒక వితంతువు హైకోర్టుకు పోకుండా ఆపలేకపోయింది. అట్లాంటిది, తయారుచేసిన వాళ్ళకే లోపల ఏం జరుగుతుందో పూర్తిగా తెలియని యంత్రాలను రేపు ఎవరు ఆపుతారు? అదుపు అనేది ఒక్క మీటలో ఉండేది కాదు. కారణం అడిగే అలవాటు, తప్పును ఒప్పుకునే అధికారి, ముందుగా నోటీసు, తిరగదోడగలిగే నిర్ణయం, వీటన్నిటితో కలిపి సమాజంలో మెల్లగా కట్టుకోవలసిన ఏర్పాటు అది. దాన్ని బీదల దగ్గర కూలదోసుకుంటూ పోయి, పెద్ద ప్రమాదం వచ్చిన రోజున మాత్రం పనిచేస్తుందని ఎలా ఆశిస్తాం? "మన అదుపు తప్పుతుంది" అన్న ఆ యువకుడికి నేను చెప్పాలనుకున్నది ఇదే. నీ భయం నిజం బాబూ, కాని నీ "మనం" చాలా చిన్నది.

సాంకేతికతకు స్త్రీలు శత్రువులని ఎవరైనా అంటే నాకు రొకేయా గుర్తొస్తుంది. రొకేయా సఖావత్ హుసేన్ రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' 1905లో మద్రాసు నుంచి వచ్చే ఇండియన్ లేడీస్ మ్యాగజైన్‌లో అచ్చయింది. ఆ పత్రిక నడిపింది మన తెలుగింట పుట్టిన కమలా సత్యనాథన్. ఆ కథలో స్త్రీల విశ్వవిద్యాలయాలు మబ్బుల నుంచి నీళ్ళు తీస్తాయి, సూర్యుడి వేడితో వంట చేస్తాయి, అదే వేడితో శత్రువును తరిమికొడతాయి. మగవాళ్ళు పరదా వెనక ఉంటారు. నూట ఇరవై ఏళ్ళ నాటి ఈ ఊహలో నన్ను ఆకట్టుకునేది యంత్రాల గొప్పతనం కాదు. అక్కడి శాస్త్రం ఏ ప్రశ్నతో మొదలవుతుందనేది. నీళ్ళు, పొయ్యి, నిర్భయంగా నడిచే వీధి. మన నగరంలో తయారవుతున్న మేధ ఎవరు అనర్హులు అనే ప్రశ్నతో మొదలైంది. ఆకలితో ఉండి కార్డు లేని వాళ్ళెవరో వెతికి పెట్టమని అదే యంత్రాన్ని అడగవచ్చు కదా! అవే వివరాలు, అదే సాఫ్ట్‌వేర్. ప్రశ్న తిప్పి అడిగితే చాలు.

రచయిత్రులుగా మనం చేయగలిగింది చిన్నదేమీ కాదు. "కంప్యూటర్ ఒప్పుకోలేదు" అన్న వాక్యం కనిపించిన చోటల్లా దానికి కర్తను వెతకాలి. కార్డు తీసేసేముందు కారణం తెలుగులో రాసివ్వాలనీ, ఆ కారణం తప్పని చెబితే వినడానికి, మార్చడానికి అధికారం ఉన్న మనిషి ఒకరు ఉండాలనీ అడగాలి. ఈ గొడవల్లో తిరిగిన స్త్రీల అనుభవాలను వాళ్ళ మాటల్లోనే నమోదు చేయాలి. మన పరిశోధక విద్యార్థినులు కథల్లో స్త్రీ పాత్రలను వెతికినంత ఓపికగా దరఖాస్తు ఫారాల్లో కూడా వెతకాలి.

ఆరోజు నేను అర్జీ రాయడానికి కూర్చున్నాను. "భర్త పేరు" దగ్గర ఆమె, "ఆయన పోయి తొమ్మిదేండ్లయింది, ఇంకా గదెందుకు?" అంది. ఏం చెప్పాలో తెలియక రాశాను. అంతా అయ్యాక పైన ఖాళీ వదిలిన గీత మీద వేలుపెట్టి చూపించింది.

"ఈడ ఎవరి పేరు రాస్తరు మేడం? ఎవరికిస్తున్నం ఇది?"

ఆఫీసు పేరు తెలుసు నాకు. వద్దన్నది ఎవరో తెలియదు. "శ్రీయుత అధికారి గారికి" అని రాసి ఆమె చేతికిచ్చాను. చదువుకున్నదాన్నని నా దగ్గరకు వచ్చింది. ఆ గీత మీద ఒక మనిషి పేరు రాయగలిగే రోజు దాకా, నా చదువు ఆమెకు పనికొచ్చిందని నేను చెప్పుకోలేను.